నడకకు లేని అడ్డు ప్రయాణానికి ఎందుకు?

పల్లె స్త్రీ ఇల్లు కదలదనే మాట ఏనాడూ నిజం కాదు. నీళ్లకు, కట్టెలకు, పశువుల మేతకు ఆమె మైళ్ల కొద్దీ నడుస్తూనే ఉంది. ఆ నడకకు ఎవరూ అడ్డు చెప్పలేదు. తన పని మీద, తన డబ్బుతో బయలుదేరినప్పుడే ‘ఎక్కడికి, ఎవరితో, ఎప్పుడొస్తావు’ అన్న ప్రశ్నలు మొదలవుతాయి.

దీని మూలాలు సేద్యపు పనిముట్లలో ఉన్నాయని డెన్మార్క్ ఆర్థికవేత్త ఎస్తర్ బోసరప్ 1970లో వాదించారు. పారతో సాగుచేసే చోట పొలంలో స్త్రీల చెయ్యే ఎక్కువ. కండబలం కావలసిన నాగలి వచ్చిన చోట పొలం మగవాడిదైంది, ఇల్లు ఆమెదైంది. పూర్వికులు నాగలి పట్టిన సమాజాల్లో ఈనాటికీ స్త్రీలు ఉద్యోగాలకు తక్కువగా వెళ్తున్నారని 2013లో అలెసినా, జూలియానో, నన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు చూపించారు. నాగలి మూలపడినా అలవాటు మూలపడలేదన్నమాట. అయినా నేరమంతా నాగలి మీదకు నెట్టడం నాకు అతిగానే తోస్తుంది. పొలం ఎవరు దున్నారన్నది ఒక సంగతి, పట్టా ఎవరి పేరున ఉందన్నది మరొకటి.

ఇంగ్లండులో పెళ్లయిన స్త్రీ తన ఆస్తిని తానే ఉంచుకునే హక్కు 1882 చట్టంతో గట్టిపడింది. భారతదేశంలో హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇస్తూ కేంద్ర చట్టం మారింది 2005లో. కొన్ని రాష్ట్రాలు అంతకు ముందే ఇచ్చాయి. పుట్టింటితో తెగిపోతుందేమోనని ఆ వాటాను సంతకం పెట్టి వదులుకునే ఆడపడుచులు ఇప్పటికీ ఉన్నారు.

చట్టం కన్నా త్వరగా పనిచేసింది సైకిలు. 2006లో బీహార్ ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బిచ్చింది. హైస్కూల్లో చేరే బాలికల సంఖ్య సుమారు మూడో వంతు పెరిగిందనీ, బడి 3 కిలోమీటర్లు దాటిన ఊళ్లలో ఫలితం మరీ ఎక్కువనీ ఆర్థికవేత్తలు మురళీధరన్, ప్రకాశ్ లెక్కగట్టారు. గుంపుగా వెళ్లే పిల్లలను ఆపడం ఒంటరిగా వెళ్లే పిల్లను ఆపినంత సులువు కాదు కూడా.

అంతకు పదిహేనేళ్ల ముందే తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమం వేలాది స్త్రీలకు సైకిలు నేర్పింది. మొదట్లో వెటకారాలు వినిపించాయి. ఆడవాళ్ల సైకిళ్లు చాలకపోతే వారు మగవాళ్ల సైకిళ్లే కొన్నారు. సీటు ముందుండే కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని వాటినే మెచ్చుకున్నారు. వెనక నీళ్ల బిందె ఎలాగూ ఉంది.