టిన్ విజిల్‌కి కీలు బిగిస్తే

ఐర్లండ్ జానపద సంగీతంలో తరచూ వినిపించే టిన్ విజిల్ చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. దాదాపు 30 సెంటీమీటర్ల సన్నటి లోహపు గొట్టం, పైన ఊదడానికి ఒక మూతి, ముందువైపు ఆరు బెజ్జాలు, అంతే. 1843లో ఇంగ్లండ్‌లో రాబర్ట్ క్లార్క్ తగరపు పూత ఉన్న రేకుని గొట్టంలా చుట్టి, మూతి దగ్గర చెక్క బిరడా పెట్టి వీటిని తయారు చేయడం మొదలుపెట్టాడు. పిల్లల జేబు ఖర్చుతో వచ్చే వాయిద్యం అది. ఇప్పటికీ దాని గుణాల్లో మొదటిది చవకే. అలాంటిదానికి కీలు, అంటే నొక్కితే బెజ్జాలు తెరిచే మీటలు, వాటి స్ప్రింగులు, ప్యాడ్లు బిగించి, అసలు విజిల్ కంటే ఎన్నో రెట్లు ఖర్చు పెట్టాలని కొందరు వాయిద్యకారులకు ఎందుకు అనిపిస్తుంది?

కారణం స్వరాల లెక్కలో ఉంది. ఎక్కువమంది వాడే డి విజిల్‌నే తీసుకుందాం. బెజ్జాలన్నీ మూసి ఊదితే షడ్జమం, పాశ్చాత్యుల లెక్కలో డి అనే స్వరం. కిందినుంచి ఒక్కో వేలూ ఎత్తుతూ పోతే రి, గ, మ, ప, ద, ని. అచ్చంగా మన శంకరాభరణం. కాస్త గట్టిగా ఊదితే అవే వేళ్లతో పై స్థాయి పలుకుతుంది. ఆరు వేళ్లతో రెండు స్థాయిలు వస్తున్నాయి, బానే ఉంది. కానీ స్థాయిలో స్వరస్థానాలు పన్నెండు కదా. శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, ప్రతి మధ్యమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం, ఈ అయిదింటికీ విజిల్‌లో బెజ్జాలు లేవు.

వీటిలో కైశికి నిషాదం తేలిగ్గానే దొరుకుతుంది. అన్నిటికంటే పైనున్న బెజ్జం తెరిచి, దాని కింద రెండూ మూస్తే చాలు. మిగతావాటికి బెజ్జాన్ని సగం మూయాలి. బెజ్జం వెడల్పు ఆరేడు మిల్లీమీటర్లు. అందులో సగమంటే వేలి కొస మూడు మిల్లీమీటర్లు జరగాలి, ప్రతిసారీ ఒకేలా జరగాలి. విలంబంలో ఇది పెద్ద కష్టం కాదు. ఐరిష్ నాట్యపు బాణీ రీల్ మంచి ఊపు మీద సాగితే సెకనుకి ఏడు స్వరాలు పలుకుతాయి. ఆ వేగంలో సగం బెజ్జం మూసి శ్రుతి నిలబెట్టడం సామాన్యుల పని కాదు.

లోపల ఏం జరుగుతోందో చూస్తే ఈ ఇబ్బంది ఇంకా బాగా తెలుస్తుంది. విజిల్‌లో ధ్వని పుట్టించేది గొట్టం కాదు, అందులో కంపించే గాలి. డి విజిల్ షడ్జమం, అంటే అన్నిటికంటే కింది స్వరం, సెకనుకి సుమారు 587 కంపనాలు. గాలిలో ధ్వని వేగం సెకనుకి 343 మీటర్లు అనుకుంటే, రెండు కొసలూ తెరిచి ఉన్న గొట్టంలో ఈ స్వరానికి దాదాపు 29 సెంటీమీటర్ల గాలి స్తంభం కావాలి. బెజ్జం తెరిస్తే గొట్టం అక్కడితో ఆగిపోయినట్టు లెక్క. అర స్వరం, అంటే ఒక స్వరస్థానం, పైకి వెళ్లాలంటే స్తంభం 5.6 శాతం తగ్గాలి. కాబట్టి షడ్జమం నుంచి శుద్ధ రిషభానికి తగ్గాల్సింది 16 మిల్లీమీటర్లు. పైన, రెండు నిషాదాల మధ్య దూరం మాత్రం 9 మిల్లీమీటర్లే. ఆరేడు మిల్లీమీటర్ల బెజ్జాలు, వాటి మీద రెండు వేళ్లు ఉన్నచోట, మధ్యలో ఇంకో బెజ్జానికి జాగా ఏది?

అదృష్టవశాత్తూ బెజ్జం గొట్టం ముందువైపే ఉండాలన్న నియమమేమీ లేదు. మూతి నుంచి ఎంత దూరంలో ఉందన్నదే గాలికి ముఖ్యం. చుట్టుకొలతలో ఏ పక్కన ఉన్నా తేడా లేదు. అందుకే కీ బెజ్జాలని పక్కకో వెనక్కో తొలుస్తారు. అక్కడికి వేలు అందదు. అందనిచోట వేలు పని చేయడానికే కీ. ఒక కొసన బెజ్జాన్ని మూసే ప్యాడ్, రెండో కొసన వేలు ఆనే చోటు, మధ్యలో ఇరుసు, ఎప్పుడూ మూసి ఉంచే స్ప్రింగు. నొక్కితే తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది.

వినడానికి చాలా తేలిక. తయారు చేసేవాడికి అసలు టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది. గొట్టం గుండ్రం, ప్యాడ్ చదును. రెండూ అతకాలంటే బెజ్జం చుట్టూ చదునైన అంచు కట్టాలి. పల్చటి లోహపు గొట్టమైతే చిన్న ఉంగరాన్ని టంకం పెట్టి అతికించాలి, చెక్కదైతే అంచు చెక్కాలి. ప్యాడ్ దగ్గర వెంట్రుకవాసి సందున్నా గాలి కారుతుంది. అప్పుడు ముందు దెబ్బతినేవి మంద్ర స్వరాలు. ఊదితే పలకవు, లేదా ఉలిక్కిపడి పై స్థాయికి దూకుతాయి. పై స్వరాలన్నీ శుభ్రంగా వస్తూ కిందివి మాత్రం మొరాయిస్తుంటే ముందు ప్యాడ్లనే అనుమానించాలి. ప్యాడ్ లేవడం కూడా తగినంత ఎత్తు లేవాలి. లేకపోతే స్వరం కాస్త దిగి, మసకగా వస్తుంది.

మూసి ఉన్న బెజ్జం కూడా ఊరికే ఉండదు. ప్యాడ్ కింద మిగిలిన చిన్న ఖాళీలో గాలి ఉంటుంది, అది గొట్టాన్ని అక్కడ కొంచెం లావు చేసినట్టవుతుంది. ఫలితంగా కొన్ని స్వరాల శ్రుతి కొద్దిగా మారుతుంది, ఒక్కోదానికి ఒక్కోలా. పల్చటి లోహపు గొట్టంలో ఇది పట్టించుకోనక్కర్లేనంత తక్కువ. మందపాటి చెక్కలో బెజ్జమే చిన్న గదిలా ఉంటుంది కాబట్టి ప్రభావం ఎక్కువ. అందుకని బాగా శ్రుతి కుదిరిన చెక్క విజిల్ కొని, దానికి అయిదు బెజ్జాలు తొలిపించుకుంటే సరిపోదు. మొత్తం శ్రుతి మళ్లీ సరిచూసుకోవాల్సిందే.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. యూరప్‌లో అడ్డంగా పట్టుకుని ఊదే ఫ్లూట్‌కి మొదటి కీ 17వ శతాబ్దం చివర్లోనే వచ్చింది. అది శుద్ధ రిషభానికి, కుడిచేతి చిటికెన వేలికి అందేలా. సగం మూసి పలికించడానికి అన్నిటికంటే మొండి స్వరం అదే మరి, దానికి పక్కన వేరే బెజ్జం కూడా లేదు. 18వ శతాబ్దం రెండో సగంలో ఇంగ్లండ్ తయారీదారులు మిగతా కీలూ చేర్చారు. సాధారణ గాంధారానికి మాత్రం రెండు కీలు పెట్టారు. దాని మొదటి కీని నొక్కేది కుడి ఉంగరపు వేలు. అదే వేలు ఆరో బెజ్జాన్నీ కాయాలి. షడ్జమం నుంచి నేరుగా ఆ గాంధారానికి వెళ్లాలంటే వేలు బెజ్జం మీదనుంచి కీ మీదకి జారాలి, మధ్యలో అనవసరపు స్వరం ఒకటి తొంగిచూస్తుంది. అందుకే ఎడమ చిటికెన వేలితో నొక్కేలా ఇంకో పొడుగు మీట. ఒక్క స్వరానికి రెండు మీటలేమిటని నవ్వుకునేవాళ్లు ఆ పాత ఫ్లూట్ మీద పది నిమిషాలు సాధన చేస్తే చాలు. విజిల్ జాతికే చెందిన ఫ్లాజియోలెట్లకు కూడా 19వ శతాబ్దంలో లండన్‌లో, పారిస్‌లో కీలు పెట్టారు. ఇప్పటి కీల విజిల్ వాటికి మనవరాలి వరస.

ఆ తర్వాత మ్యూనిక్‌లో స్వర్ణకారుడు, ఫ్లూట్ విద్వాంసుడు అయిన థియోబాల్డ్ బోమ్ కథ మార్చేశాడు. 1831లో ఆయన లండన్‌లో చార్ల్స్ నికల్సన్ అనే ఫ్లూట్ విద్వాంసుడు వాయించగా విన్నాడు. నికల్సన్ ఫ్లూట్ బెజ్జాలు పెద్దవి, నాదం బలమైనది. బెజ్జం పెద్దదయ్యేకొద్దీ గాలి స్తంభం నిజంగా అక్కడే ఆగుతుంది. చిన్న బెజ్జమైతే అందులోని గాలి బరువు కంపనానికి కొంత అడ్డుపడుతుంది, దాంతో బెజ్జం తెరిచి ఉన్నా కంపనం దాన్ని దాటి కిందికి పోతుంది. పైన తెరిచి కింద మూసి కైశికి నిషాదం రాబట్టే కిటుకు పనిచేసేది ఈ గుణం వల్లే. కంపనాలు పెరిగేకొద్దీ దాటిపోయేది ఎక్కువవుతుంది కాబట్టి, అదే వేళ్ల అమరిక పై స్థాయిలో వేరేగా పలుకుతుంది. బెజ్జాలు పెద్దవి చేస్తే బలం వస్తుంది, ఆ కిటుకు పోతుంది. అప్పుడు ప్రతి అర స్వరానికీ సొంత బెజ్జం తప్పదు. బోమ్ 1832లోనూ, తర్వాత 1847లోనూ చేసిన కొత్త నమూనాల దారి ఇదే. బెజ్జాన్ని శాస్త్రం చెప్పినచోట పెట్టి, వేళ్లు అందడానికి యంత్రాంగం కట్టాడు.

ఆర్కెస్ట్రాలు బోమ్ ఫ్లూట్‌కి మారాక పాత కీల ఫ్లూట్లు పాత సామాను ధరకి వచ్చాయి. ఐరిష్ వాయిద్యకారులు వాటిని కొనుక్కున్నారు. విచిత్రమేమిటంటే చాలామంది ఆ కీలు ముట్టుకోలేదు. నాకైతే ఇది బద్ధకంలా కనిపించదు. వాళ్ల బాణీలకు వాటి అవసరమే లేదు. శంకరాభరణం స్వరాలనే పట్టుకుని రిషభాన్ని ఆధారం చేసుకుంటే ఖరహరప్రియ, పంచమం నుంచి హరికాంభోజి, ధైవతం నుంచి నఠభైరవి. మనం గ్రహభేదం అనేది ఇదే. ఐరిష్ సంప్రదాయపు బాణీల్లో ఎక్కువ భాగం ఈ నాలుగు స్వరక్రమాల్లోనే నడుస్తాయి. దానికి కైశికి నిషాదం ఒక్కటి తోడైతే వాళ్ల ఊరి పాటలకి దాదాపు అన్నీ ఉన్నట్టే.

కర్ణాటక వేణువు సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అందులో పై రెండు బెజ్జాలు మూస్తే షడ్జమం. వేళ్లు పూర్తిగా ఎత్తుతూ దించుతూ వాయిస్తే సహజంగా వచ్చేది హరికాంభోజి. మరి మనం పిల్లలకి మొదట నేర్పేది? మాయామాళవగౌళ. అందులోని శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం మూడూ ఆ క్రమంలో లేనివే. ఐరిష్ పిల్లవాడు ఏళ్ల తరబడి తప్పించుకోగల కష్టం మన పిల్లకి సరళీ స్వరాల మొదటి రోజే ఎదురవుతుంది. అయినా మన వేణువుకి కీలు రాలేదు, రావాలని విద్వాంసులు కోరుకోలేదు కూడా. కీకి రెండే స్థితులు, తెరిచి ఉండటం, మూసి ఉండటం. స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించే గమకం నడిచేదేమో ఆ రెంటికీ మధ్య. తోడి రాగంలోని గాంధారాన్ని మీట నొక్కి పలికిస్తే స్వరస్థానం దొరుకుతుంది కానీ తోడి దొరకదు.

ఐరిష్‌వాళ్లకు ఈ నష్టం కొంత తక్కువే. అయినా వాళ్ల వాదనంలోనూ కింది స్వరం నుంచి పైకి జారడం, బెజ్జం మీద వేలితో టక్కున తట్టి స్వరాన్ని విడగొట్టడం ప్రాణం. కీ మీద ఆ తట్టు సరిగా రాదు, స్ప్రింగు వెనక్కి రావడానికి కొంత సమయం పడుతుంది. అందుకని మంచి తయారీదారులు ఆరు బెజ్జాల జోలికి పోరు, వాటిని వేళ్లకే వదిలేసి మధ్య స్వరాలకి మాత్రం కీలు చేరుస్తారు. కీలు అసలు వద్దనుకునేవాళ్లు వెనకవైపు బొటనవేలికి ఒక బెజ్జం తొలిచి కైశికి నిషాదాన్ని అక్కడ దించుతారు.

కీలకి తగినంత జాగా దొరికేది కింది స్థాయిలో పలికే ‘లో’ విజిల్‌లో. 1970ల మొదట్లో ఫిన్‌బార్ ఫ్యూరీ అనే ఐరిష్ కళాకారుడి దగ్గరున్న భారతీయ వెదురు వేణువు విరిగిపోతే, దానికి బదులుగా ఇంగ్లండ్‌లో బెర్నార్డ్ ఓవర్టన్ అల్యూమినియం గొట్టంతో పెద్ద విజిల్ చేసిచ్చాడని చెబుతారు. ఇప్పటి లో విజిల్ అక్కడినుంచే మొదలైంది. లో డి విజిల్ మామూలు దానికి ఒక స్థాయి కింద పలుకుతుంది, అంటే గొట్టం రెట్టింపు పొడవు, అర స్వరాల మధ్య దూరాలూ రెట్టింపు. మీటలు అమర్చడానికి హాయి. వేళ్లకే శ్రమ, చాచి పట్టుకోవాలి కదా.

ఒక్క కీ మాత్రమే పెట్టించుకునే స్తోమత ఉంటే నేనైతే సాధారణ గాంధారానికే ఓటేస్తాను. దానికి వేళ్లతో వచ్చే కైశికి నిషాదం కలిస్తే షడ్జమం మీదే ఖరహరప్రియ మొత్తం చేతికొస్తుంది. సినిమా పాటలు వాయించుకునేవాళ్లకి అది చాలా దూరం పనికొస్తుంది. కీ ఖర్చులో చిన్న భాగంతో, షడ్జమం డి కంటే ఒక స్వరం కింద ఉండే సి విజిల్ ఇంకొకటి కొనుక్కున్నా ఆ రెండు స్వరాలూ వస్తాయి. అయితే పల్లవికీ చరణానికీ మధ్య విజిల్ మార్చుకునేంత వ్యవధి పాట ఇవ్వాలి.