ఏ సంవత్సరపు కిల్టు? స్కాట్లాండ్ సైనిక కిల్టు నకళ్ల వెనక ఉన్న చరిత్ర

స్కాట్లాండ్ కొండసీమ అయిన హైలాండ్స్‌కు చెందిన పాత పటాలాల కిల్టును, అంటే మగవారు నడుముకు చుట్టుకునే కుచ్చిళ్ల గళ్ల ఉన్ని వస్త్రాన్ని, అచ్చంగా అలాగే కుట్టి ఇమ్మని అడిగేవారు ఇవాళ తక్కువేమీ కాదు. పూర్వపు యుద్ధాలను మళ్లీ ఆడి చూపించే బృందాలు, బ్యాగ్‌పైప్ బ్యాండ్లు, సినిమా వాళ్లు, ముత్తాత పనిచేసిన పటాలం దుస్తులను ఒక్కసారైనా కట్టుకోవాలనుకునే వారసులు, ఇలాంటి వారందరికీ మనిషి కొలతను బట్టి చేత్తో కుట్టి ఇచ్చే పనివారు స్కాట్లాండ్‌లోనే కాక అమెరికా, కెనడాల్లోనూ ఉన్నారు. అడిగేవారు సాధారణంగా పటాలం పేరు చెప్పి ఊరుకుంటారు. పని తెలిసినవారు మాత్రం ముందుగా ఏ సంవత్సరపు కిల్టు కావాలని అడుగుతారు. ఎందుకంటే ‘బ్లాక్ వాచ్’ పటాలం పేరు ఒక్కటే అయినా, ఆ పటాలం 1745లో కట్టుకున్నదీ, 1815లో కట్టుకున్నదీ, 1915లో కట్టుకున్నదీ బట్టలోనూ కుచ్చిళ్లలోనూ కుట్టులోనూ మూడు వేరు వేరు దుస్తులు.

పదహారో శతాబ్దం చివరినాటికి హైలాండ్స్ మగవారు కట్టుకున్నది కుట్టు లేని పొడవాటి ఉన్ని బట్ట. దాని కింది భాగాన్ని నడుము చుట్టూ కుచ్చిళ్లుగా పోసి, తోలు పటకా బిగించి, మిగిలిన పై భాగాన్ని భుజం మీదికి తీసి బిగించేవారు. చలి వేస్తే అదే కప్పుకునే దుప్పటి. చీరకట్టూ పంచెకట్టూ ఎరిగిన మనకు ఈ పద్ధతిని ఊహించడం కష్టమేమీ కాదు. పద్దెనిమిదో శతాబ్దం తొలినాళ్లలో ఆ పై భాగాన్ని వదిలేసి, నడుము నుంచి మోకాలి దాకా మాత్రమే ఉండే పొట్టి కిల్టు వాడుకలోకి వచ్చింది. దాన్ని కనిపెట్టింది ఇన్వర్‌గ్యారీ దగ్గర ఇనుప కొలిమి నడిపిన థామస్ రాలిన్‌సన్ అనే ఇంగ్లీషు వ్యాపారి అని 1785లో అచ్చయిన ఒక ఉత్తరం చెబుతుంది. ఆ మాట నిజమా కాదా అన్న వాదన ఈనాటికీ తెగలేదు. నకలు కుట్టేవారికి మాత్రం దానితో పెద్దగా పని లేదు.

వారికి పని ఉన్నది సైన్యంతో. 1725లో జనరల్ వేడ్ హైలాండ్స్ కాపలాకు ఏర్పరచిన విడి దళాలను 1739లో ఒకే పటాలంగా కలిపారు. 1740లో అబర్‌ఫెల్డీ దగ్గర అది తొలిసారి బారులు తీరింది. అదే తరువాత 42వ పటాలంగా, బ్లాక్ వాచ్‌గా పేరుపొందింది. 1746 ఏప్రిల్‌లో కల్లోడెన్ యుద్ధంలో జాకొబైట్లు, అంటే పదవి కోల్పోయిన స్టూవర్ట్ రాజవంశం తరఫున తిరగబడినవారు, ఓడిపోయాక, బ్రిటిష్ పార్లమెంటు హైలాండ్ దుస్తులను నిషేధించింది. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల జైలు, రెండోసారి అయితే ఏడేళ్ల ప్రవాస శిక్ష. సైనికులకు మాత్రం ఆ చట్టం వర్తించలేదు. 1782లో చట్టాన్ని ఎత్తివేసేదాకా, సుమారు ముప్ఫై అయిదేళ్లపాటు, కిల్టును చట్టబద్ధంగా కట్టుకోగల హైలాండర్ రాజుగారి జీతగాడే. కిల్టు బతికి బట్టకట్టింది చాలావరకు సైన్యపు ఖర్చు మీదనే అనడం అతిశయోక్తి కాదు.

ఆ ఖర్చు విషయంలో సైన్యం పొదుపరి. రెండేళ్లకోసారి సైనికుడికి పన్నెండు గజాల బట్ట ఇచ్చేవారు. కొత్తది చేతికి రాగానే పాతదాన్ని కత్తిరించి పొట్టి కిల్టు చేసుకునేవారు. చివరికి అరిగి చినిగిపోయేదాకా అదే వాడుక. ఆ కాలపు మామూలు సిపాయి కిల్టు దాదాపుగా మిగలకపోవడానికి ఇదొక కారణం. అందుచేత నకలు కుట్టేవారు 1743లో లండన్‌లో తిరగబడి శిక్ష పొందిన బ్లాక్ వాచ్ సైనికుల అచ్చు బొమ్మల మీద, డేవిడ్ మోరియర్ గీసిన సైనికుల చిత్రాల మీద, పటాలాల ఖాతా పుస్తకాల మీద ఆధారపడవలసి వస్తుంది.

టార్టన్ గళ్ల సంగతికి వస్తే, ప్రతి గడీ ఏదో ఒక వంశపు అనాది సొత్తు అన్న నమ్మకం ఇక్కడ నిలవదు. బ్లాక్ వాచ్ ధరించిన ముదురు నీలం, నలుపు, ఆకుపచ్చ గళ్లు ప్రభుత్వపు నమూనా. 1793లో గోర్డన్ ప్రభువు పటాలాన్ని ఏర్పరచబోతుండగా, హంట్లీ ఊరి బట్టల వ్యాపారి విలియం ఫోర్సైత్ అదే నమూనా మీద ఒకటి, రెండు, మూడు పసుపు గీతలు వేసిన మూడు మచ్చులు పంపాడు. ఒక్క గీత ఉన్నదాన్ని ఎంచుకున్నారు. ఇవాళ ‘గోర్డన్ టార్టన్’ అని అమ్ముడయ్యేది అదే. అదే ప్రభుత్వ నమూనాకు తెల్ల, ఎర్ర గీతలు కలిపితే మెకంజీ టార్టన్ అయింది. అది 1793లోనే సీఫోర్త్ మెకంజీలు ఏర్పరచిన 78వ పటాలానిది. కైఫీయతులు సేకరించి తెలుగువారికి చిరపరిచితుడైన కాలిన్ మెకంజీ పుట్టిన లూయిస్ దీవి కూడా ఆ సీఫోర్త్ కుటుంబపు ఏలుబడిలోనిదే. 79వ పటాలం ఒక్కటే వేరే దారి తొక్కింది: దాని నమూనాను పటాలం నెలకొల్పిన అలన్ కామెరన్ తల్లి కూర్చిందని ఆనవాయితీగా చెప్పుకుంటారు.

ఈ గుడ్డలో చాలా భాగం నేసి సరఫరా చేసింది బానక్‌బర్న్ ఊళ్లోని విల్సన్ల సంస్థ. పడుగులో ఏ రంగు దారాలు ఎన్నో లెక్కగట్టి రాసిన వారి 1819 నాటి నమూనా పుస్తకం నేటికీ నకళ్లకు పెద్ద ఆధారం. సిపాయికి, సార్జంటుకు, అధికారికి వేరు వేరు నాణ్యతల బట్ట వెళ్లేది. సిపాయి గుడ్డ బిగువుగా పేనిన ఉన్ని దారంతో నేసిన గరుకు బట్ట. తడిసి ఎండిందంటే దాని అంచు మోకాలి వెనక చర్మాన్ని కోసేది. ఇప్పటి మిల్లుల్లో దొరికే మెత్తని ఉన్నికి ఆ బిగువు లేదు. మామూలు కిల్టు బట్ట గజానికి 13 నుంచి 16 ఔన్సులు తూగితే, సైనిక కిల్టుకు 18 ఔన్సులకు పైబడిన బట్ట కావాలి. పన్నా సంగతి ఇంకా ముఖ్యం. పాత మగ్గం మీద పన్నా సుమారు 25 అంగుళాలు, అంటే రమారమి కిల్టు ఎత్తంత. కాబట్టి నేత అంచే కిల్టు కింది అంచు అయ్యేది, మడిచి కుట్టే అవసరం ఉండేది కాదు. ఇప్పటి మగ్గాల మీద అంతకు రెట్టింపు పన్నా వస్తుంది; దాన్ని నిలువునా చీల్చి, రెండు ముక్కలను అతికి కుడతారు. కొన్ని కొత్త మగ్గాలు అంచు దగ్గర దారపు కొసలను లోపలికి మడుస్తాయి. ఆ అంచును చూడగానే పాత గుడ్డ ఎరిగినవారు నకలును పట్టేస్తారు.

కుచ్చిళ్లను కుట్టి పెట్టిన కిల్టు 1790ల నుంచి కనిపిస్తుంది. తొలినాటివాటికి నాలుగు గజాల లోపు బట్టే సరిపోయేది. కుచ్చు వెడల్పుగా, రెండు వైపులకూ మడిచిన పెట్టె ఆకారంలో ఉండేది. గోర్డన్లు పందొమ్మిదో శతాబ్దం నడుమ ఒకే వైపు మడిచే సన్నని కుచ్చిళ్లకు మారారు. సీఫోర్త్, ఆర్గైల్ పటాలాలు పెట్టె కుచ్చిళ్లను విడవలేదు. ప్రతి కుచ్చు మీదా ఒకే గీత నిలువుగా వచ్చేలా కుట్టడం సైన్యపు పద్ధతి. దానివల్ల గోర్డన్ సైనికుడు నడుస్తుంటే వెనక వరుసగా పసుపు గీతలే కనబడతాయి. ముందు గళ్లలాగే వెనక కూడా గళ్లు కలిసేలా కుట్టడం చాలావరకు పౌరుల కిల్టుల అలవాటు. ఏడెనిమిది గజాలతో, తోలు పట్టీలూ బకిళ్లూ పెట్టి కుట్టిన నేటి కిల్టును 1815 వాటర్లూ యుద్ధం నాటిదని చెప్పి ఇవ్వడం, నా దృష్టిలో, కొనేవారిని మోసగించడమే.

సైన్యం కూడా కిల్టును అన్నివేళలా నెత్తిన పెట్టుకోలేదు. 1809లో రిక్రూట్లు దొరకడం లేదన్న కారణంతో కొన్ని పటాలాలకు దాన్ని తీసేశారు. 42, 78, 79, 92 (గోర్డన్లు), 93వ పటాలాలు నిలుపుకున్నాయి. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో, 1899 డిసెంబరులో మాగర్స్‌ఫోంటీన్ దగ్గర, తుపాకుల కింద రోజంతా బోర్లా పడుకున్న హైలాండర్ల మోకాళ్ల వెనక చర్మం ఎండకు బొబ్బలెక్కింది. ముదురు గళ్లు శత్రువు కంటపడకుండా కిల్టు మీద ఖాకీ ఏప్రన్ కట్టడం ఆ యుద్ధంలోనే మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల బురద కుచ్చిళ్లను బరువెక్కించింది, పేలు వాటిలో కాపురం పెట్టాయి. 1940లో ఫ్రాన్సులో కామెరన్ హైలాండర్లు కట్టుకున్నదే యుద్ధరంగంలో కనిపించిన చివరి పటాలపు కిల్టుగా చెబుతారు.

2006 మార్చి 28న స్కాట్లాండ్ పదాతి పటాలాలను రాయల్ రెజిమెంట్ ఆఫ్ స్కాట్లాండ్‌గా కలిపేసి, అందరికీ ప్రభుత్వ నమూనాలోని ఒక లేత ఛాయను ఇచ్చారు. దాంతో పాత పటాలాల వేరు వేరు గళ్లు ఆ పదాతి సైనికుడి కిల్టు మీది నుంచి తప్పుకున్నాయి. దుకాణాల్లో ఆ గళ్లు దొరుకుతూనే ఉన్నాయి. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట నుంచి చవక కిల్టులూ వస్తున్నాయి. దొరకనిది సైన్యపు బరువూ నేత అంచూ పాత ముదురు రంగూ కలిసిన గుడ్డ. ‘ఏన్షెంట్’ (ప్రాచీనం) అనే పేరు చూసి లేత రంగులు ఎంచుకునేవారు ఇక్కడే పొరబడతారు, ఎందుకంటే అది ఇరవయ్యో శతాబ్దపు మిల్లులు పెట్టిన ఛాయ పేరు మాత్రమే. సరైన గుడ్డను ప్రత్యేకంగా నేయించాలంటే మిల్లు ఇన్ని గజాలకు తక్కువైతే మగ్గం ఎక్కించనంటుంది, ఒక్క కిల్టుకు అంత అవసరం ఉండదు. అందుకని ఒకే పటాలం, ఒకే సంవత్సరం కావాలనుకునే కొందరు కూడబలుక్కుని, ఒకే తానుకు ఆర్డరు పెట్టుకుంటారు.