చిన్న కార్ల లిమిటెడ్ ఎడిషన్లు: అపోహలు, వాస్తవాలు

పోయిన నెల ఒకే వారంలో ముగ్గురు ఫోన్ చేశారు. ముగ్గురిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, లిమిటెడ్ ఎడిషన్ ఆల్టో దొరికింది. నలభై వేలు ఎక్కువ చెబుతున్నారు, తీసుకోమంటావా?" వాళ్లలో ఇద్దరు అప్పటికే అడ్వాన్స్ ఇచ్చేశారు.

విజయవాడ ఆటోనగర్‌లో పన్నెండేళ్లుగా నాది ఇదే పని. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లతో వెళ్లి బండి చూసిపెడతాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి అది మొదటి కారు. బడ్జెట్ మూడు లక్షల లోపే. అందులో నలభై వేలంటే ఇన్సూరెన్స్, నాలుగు టైర్లు, బ్యాటరీ అన్నీ వచ్చే డబ్బు. పదిమందికి పదిసార్లు చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: లిమిటెడ్ ఎడిషన్ అంటే బండే వేరు, కాబట్టి రేటు ఎక్కువ.

వాస్తవం: చిన్న కార్లలో నూటికి తొంభై పాళ్లు అది స్టిక్కర్లు, సీట్ కవర్లే. పండగ సీజన్‌లోనో, కొత్త మోడల్ వచ్చేముందు పాతది అమ్ముకోవడానికో కంపెనీలు ఇలాంటివి తెస్తుంటాయి. 2015లో వ్యాగన్‌ఆర్ అవాన్స్ వచ్చింది. 2016లో ధోని పేరుతో ఆల్టో, 2017లో ఇయాన్ స్పోర్ట్స్ ఎడిషన్, 2018లో క్విడ్ సూపర్ హీరో ఎడిషన్, 2019లో శాంత్రో యానివర్సరీ ఎడిషన్ వచ్చాయి. ఇంకా బోలెడున్నాయి, వాటిని అమ్మిన సేల్స్ కుర్రాళ్లకే ఇప్పుడు గుర్తుండవు. వీటిలో దేని బానెట్ ఎత్తి చూసినా మామూలు బండిలో ఉన్న ఇంజినే ఉంటుంది. గేర్‌బాక్స్, సస్పెన్షన్, బ్రేకులు కూడా అవే. ధోని ఆల్టో 800లో ఉన్నది కూడా మామూలు ఆల్టో 800లో ఉండే 796 సీసీ ఇంజినే. పైన 7 నంబరు, సంతకం ఉన్న స్టిక్కర్లు, లోపల సీట్ కవర్లు, అలాంటివి కొన్ని అదనం.

కొత్తలో ఆ అదనపు సామాన్ల సెట్టుకి, అంటే కిట్‌కి, డబ్బు కట్టినమాట నిజమే. కానీ ఏడెనిమిదేళ్ల తర్వాత స్టిక్కర్ ఎండకు వెలిసిపోతుంది, సీట్ కవర్ కుట్లు ఊడతాయి, మ్యూజిక్ సిస్టం టచ్ పనిచేయదు. మిగిలేది పేరొక్కటే. ఆ పేరుకి పాత బండి మార్కెట్లో విలువ లేదు. డీలర్ మీ దగ్గర కొనేటప్పుడు దానికి ఒక్క రూపాయి కూడా కలపడు. మీకు అమ్మేటప్పుడు మాత్రం కలుపుతాడు.

గుడివాడ నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. వాళ్లమ్మాయికి కొత్తగా బ్యాంకు ఉద్యోగం వచ్చింది, రోజూ బందరు వెళ్లిరావాలి. ఆ అమ్మాయికి ధోని అంటే ప్రాణం. "ఇది మామూలు ఆల్టో కాదంట బాబూ, ధోనీదంట, కొన్నే చేశారంట" అని ఎంతో సంబరంగా చెప్పారు. 2016 బండి. బ్రోకర్ రెండు లక్షల తొంభై అయిదు వేలు అడుగుతున్నాడు. అదే సంవత్సరం, దాదాపు అన్నే కిలోమీటర్లు తిరిగిన మామూలు ఆల్టో ఎల్‌ఎక్స్‌ఐ రెండున్నర లక్షలకి దొరుకుతోంది.

వెళ్లి చూశాను. ఎడమవైపు వెనక డోర్ మీద స్టిక్కర్ చివర గోటితో కొంచెం లేపాను. ఏళ్ల తరబడి ఎండలో నిలబడిన బండి అయితే స్టిక్కర్ కింద రంగు నిగనిగలాడుతూ ఉంటుంది, చుట్టూ కాస్త పాలిపోయి ఉంటుంది. అంచు వెంబడి సన్నగా మట్టి గీత పేరుకుంటుంది. ఇక్కడ ఆ గీత లేదు, లోపలా బయటా ఒకటే రంగు. అంటే స్టిక్కర్ వేసి నెలో, రెండు నెలలో. జేబులోంచి అయస్కాంతం తీసి ముందు డోర్‌కి పెడితే టక్కున అంటుకుంది. వెనక డోర్‌కి పెడితే జారి కింద పడింది. డోర్ నిండా లప్పం. గట్టిగా గుద్దుకున్న డోర్‌ని లప్పంతో నింపి, రంగు కొట్టి, దాని మీద స్టిక్కర్ వేశారు. మాస్టారి ముఖం చూడలేకపోయాను. అప్పటికే ఇరవై వేలు ఇచ్చి ఉన్నారు. గట్టిగా కూర్చుంటే పదిహేను వేలు వెనక్కి వచ్చాయి.

చివరికి ఇంకాస్త డబ్బు వేసి 2019 చివర్లో తయారైన మామూలు ఆల్టో తీసుకున్నారు. అది ఎందుకు తీసుకోమన్నానంటే, 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ తొక్కినా చక్రాలు పట్టేయకుండా చూసేది), జులై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి చేశారు. పాత ఎడిషన్ బండ్లలో గొప్పగా చెప్పే సెన్సర్లు ఆ తర్వాతి బండ్లన్నిటికీ కంపెనీ నుంచే వస్తాయి. ఆడపిల్ల రోజూ హైవే మీద వెళ్లే బండికి స్టిక్కర్ కంటే ఎయిర్‌బ్యాగ్ ముఖ్యం. ఆ అమ్మాయి తర్వాత 7 నంబరు స్టిక్కర్ తనే కొని వెనక అద్దానికి అంటించుకుంది.

అపోహ: ఎడిషన్ పేరు ఆర్‌సీలో ఉంటుంది, ఆన్‌లైన్‌లో చూస్తే తెలిసిపోతుంది.

వాస్తవం: షోరూమ్‌లో బిగించిన కిట్ అయితే సాధారణంగా ఉండదు. ఆర్‌సీలో ఆల్టో 800 ఎల్‌ఎక్స్‌ఐ అనే ఉంటుంది. కాబట్టి మొదటి ఓనర్ కొన్నప్పటి ఇన్వాయిస్ అడగండి. కిట్ నిజమైతే అందులోనో, యాక్సెసరీల బిల్లులోనో దాని పేరు ఉంటుంది. బిల్లు పోయింది అంటే మామూలు బండి రేటే మాట్లాడండి. రంగు కూడా చూసుకోండి. పైకప్పు నల్లగా మార్చి స్పెషల్ ఎడిషన్ అని చెప్పే బండ్లు ఈమధ్య చాలా చూస్తున్నాను. రంగు మార్చినప్పుడు ఆర్‌సీలో కూడా ఎక్కించుకోవాలి.

అపోహ: యాక్సిడెంట్ అయితే కిట్ అంతటికీ ఇన్సూరెన్స్ వస్తుంది.

వాస్తవం: బండికి కంపెనీ ఇచ్చినవి కాకుండా తర్వాత బిగించిన మ్యూజిక్ సిస్టం, లైట్లు లాంటివి పాలసీలో విడిగా రాయించుకుని, ప్రీమియం కట్టాలి. రాయించకపోతే క్లెయిమ్ రాదు. స్పాయిలర్ (డిక్కీ పైన రెక్కలా ఉండేది), సైడ్ క్లాడింగ్ (డోర్ల కింద వేసే ప్లాస్టిక్ పట్టీ) లాంటి ప్లాస్టిక్ సామాన్లకు మామూలు పాలసీలో సగం కోసేస్తారు. అన్నట్టు, ఆ క్లాడింగ్ తీయించకపోయినా కింద అంచు వెంబడి వేలు పెట్టి చూడండి. స్క్రూల కోసం రేకుకి చిల్లులు పెట్టిన చోటే తుప్పు మొదలవుతుంది. డిక్కీ డోర్‌కి స్పాయిలర్ బిగించిన చోటా అంతే.

మరి నిజంగా వేరైన ఎడిషన్లు లేవా? ఉన్నాయి. 2003లో మారుతి జెన్ కార్బన్, జెన్ స్టీల్ అని రెండు తెచ్చింది, ఒకటి నలుపు, ఒకటి వెండి రంగు. మామూలు జెన్‌కి పక్కన నాలుగు డోర్లు, వీటికి రెండే. బాడీయే వేరు. నా పన్నెండేళ్లలో కార్బన్ ఒక్కటే చూశాను, తెనాలిలో. పొడవాటి డోర్ తెరిచి ముందు సీటు మడిచి వెనక్కి ఎక్కుతుంటే చిన్నపిల్లాడిలా సంతోషపడ్డాను. ఇలాంటివాటికి ఇష్టపడి ఎక్కువ ఇచ్చేవాళ్లున్నారు, అది న్యాయమే. కానీ ఆ ఓనర్ కష్టం కూడా వినండి. ఎవరో ఆటోతో డోర్ గీకేస్తే మార్చడానికి డోర్ దొరకలేదు. మామూలు జెన్ డోర్ పొట్టిది, దానికి పట్టదు. ఉన్న డోర్‌నే నాలుగు రోజులు టింకరింగ్ చేయించుకున్నాడు. పిల్లల్ని స్కూల్లో దింపడానికి ఇలాంటి బండి కొనకండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. డాట్సన్ మూతపడింది కాబట్టి రెడీ-గో ఎడిషన్ బండ్లకు సామాన్లు దొరకవు అంటారు. దాని 800 సీసీ ఇంజిన్ పాత 800 సీసీ క్విడ్‌లో ఉన్నదే. ఇంజిన్ సామాన్లకు భయం లేదు, ఎడిషన్ బ్యాడ్జీలు, బాడీ సామాన్లు మాత్రం వెతుక్కోవాలి. 15 ఏళ్లు దాటితే బండి స్క్రాప్ అన్నది ఢిల్లీ చుట్టుపక్కల పెట్రోల్ బండ్ల గొడవ. మన దగ్గర సొంత కారుకి ఫిట్‌నెస్ ఉంటే ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవచ్చు, ఫీజు మాత్రం బాగా పెరిగింది. అపరిచితులు పంపే మెసేజ్‌లు చూసి, ఇంట్లో పెద్దాయన ప్రేమగా చూసుకున్న బండిని కారుచౌకగా అమ్మేయకండి.

ఇప్పటికే ఎక్కువ ఇచ్చి కొన్నవాళ్లు టెన్షన్ పడకండి. బండి మంచిదైతే డబ్బు కాస్త ఎక్కువైంది, అంతే. పేర్లు మార్చే కాగితాలు, అంటే ఫారం 29, 30 ఇచ్చారో లేదో, పాత లోన్ ఉంటే ఆర్‌సీలో ఉన్న బ్యాంకు పేరు, అంటే హైపోథికేషన్, తీసేశారో లేదో చూసుకోండి. ఒక ఆదివారం ఖాళీ చేసుకుని స్టిక్కర్లను హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చచేసి, మెల్లగా ఒక మూల నుంచి లాగండి. కింద లప్పం ఉందో, తుప్పు ఉందో వానాకాలం రాకముందే తెలుస్తుంది. తుప్పు చిటికెడు ఉన్నప్పుడు చేయిస్తే వెయ్యి, రెండు వేలతో పోతుంది.