గడ్డం బ్రష్‌ను చంపేది ఫ్లోరైడ్ కాదు: కొన్ని అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో మా కటింగ్ షాపు పెట్టి ఇరవై రెండేళ్లు. ఇంట్లోనే గడ్డం చేసుకునేవాళ్లు కూడా బ్రష్ పట్టుకొని సలహాకు వస్తుంటారు. మొన్న ఒక పెద్దాయన సంచిలోంచి తన బ్రష్ తీసి అద్దం ముందు పెట్టాడు. "తమ్మీ, కొని మూడు నెలలు కాలే. నురగే వస్తలేదు. ఈ ఫ్లోరైడ్ నీళ్లకు ఏది బతుకుతది?" అన్నాడు. వెంట్రుకలను రెండు వేళ్లతో విడదీసి చూపించాను. కొసలు బాగానే ఉన్నాయి. కుదుళ్ల దగ్గర మాత్రం సున్నం వేసినట్టు తెల్లటి గార. గోటితో గీకితే పొడి రాలింది.

మన దగ్గర నీళ్లతో ఏ ఇబ్బంది వచ్చినా మనసు ఫ్లోరైడ్ మీదికే పోతుంది. పడ్డ బాధ అలాంటిది. కానీ నురగ రానివ్వనిది ఫ్లోరైడ్ కాదు, బోరు నీళ్లలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం. సబ్బు వాటితో కలిస్తే నురగ రావడానికి బదులు నీళ్లలో కరగని తెట్టు కడుతుంది. బకెట్ అంచుకు పట్టే జిడ్డు చారిక కూడా అదే. ఆ తెట్టు రోజూ కొంచెం కొంచెం కుదుళ్లలోకి దిగి, ఎండి, గారవుతుంది. అక్కడ వెంట్రుకలు పెళుసెక్కి విరుగుతాయి.

గడ్డానికి కావాల్సింది ఒక్క గ్లాసు నీళ్లు. ఆ గ్లాసుడు ఆర్వో ప్లాంటు నీళ్లో, వాన నీళ్లో వాడండి. బ్రష్ కడిగేటప్పుడు చివరి జాడింపు కూడా వాటితోనే. ఇప్పటికే గార పట్టిందా, గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర చెక్క నిమ్మరసం వడకట్టి కలపండి. వెంట్రుకల వరకే ఐదు నిమిషాలు ముంచి, కుదుళ్లను వేళ్లతో పిసికి, మంచి నీళ్లతో కడగండి. నకిరేకల్ మార్కెట్ పక్కనుండగా మనకు నిమ్మకాయలకు కరువా! పెద్దాయన బ్రష్‌కు రెండుసార్లు ఇలా చేస్తే గార వదిలింది. ఒక పక్క విరిగిన వెంట్రుకలు మాత్రం తిరిగి రావు.

ఇంకొందరు నీళ్లలో పటిక వేస్తారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని మన ఊరి పేరే ఉంది కాబట్టి పటికతో నీళ్లన్నీ బాగుపడతాయని నమ్మకం. ఆ పద్ధతి తాగే నీళ్ల కోసం. పటిక వేసినంత మాత్రాన నీళ్లలో కాల్షియం పోదు, పైగా పటికే సబ్బు నురగను విరగ్గొడుతుంది. దాన్ని గడ్డం అయ్యాక రాసుకోండి.

"నీళ్లు ఎంత వేడిగా ఉంటే బ్రష్ అంత శుభ్రం" అనేది నేనూ నమ్మిన మాటే. పని నేర్చుకునే రోజుల్లో మా నాయన బ్రష్ మీద మసిలే నీళ్లు పోశాను. లోపలి జిగురు వదిలి, కుచ్చు మొత్తం ఊడి చేతికొచ్చింది. నాయన ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ అనిపించింది. చెయ్యి పెడితే హాయిగా ఉండేంత వేడి చాలు.

గట్టిగా రుద్దితేనే గడ్డం మెత్తబడుతుందన్నది ఇంకో అపోహ. మెత్తబరిచేది తడి, దానికి మనం ఇచ్చే సమయం. పంది వెంట్రుకల బ్రష్ అయితే రెండు మూడు నిమిషాలు నానబెట్టండి, నైలాన్‌ది తడిపితే చాలు. నీళ్లు విదిలించి, కొసలతోనే సబ్బు మీద అర నిమిషం తిప్పండి. ముఖం మీద చిన్న చిన్న సున్నాలు చుట్టి, చివర్లో గోడకు సున్నం వేసినట్టు పైకీ కిందికీ లాగండి. నురగ గిలక్కొట్టిన గడ్డపెరుగులా ఉండాలి. పెద్ద బుడగలొస్తే నీళ్లు ఎక్కువైనట్టు, ముఖం మీదే ఆరిపోతుంటే రెండు చుక్కలు తక్కువైనట్టు. అదిమి రుద్దితే కుచ్చు నడుమ గుంత పడి, వెంట్రుకలు కుదుళ్ల దగ్గర విరుగుతాయి.

పంది వెంట్రుకల కొసలు చీలితే పారేయకండి, చీలేకొద్దీ అవి మెత్తబడతాయి. కొత్త బ్రష్ నాలుగు వెంట్రుకలు రాలిస్తే టెన్షన్ వద్దు. వారాల తరబడి రాలుతుంటేనే జిగురు వదిలినట్టు. తలకిందులుగా వేలాడదీయాలా అని అడుగుతారు. బాగా విదిలించి గాలి తగిలేచోట పెడితే నిలబెట్టినా ఆరుతుంది. తడి మగ్గులో వదిలేయడమే తప్పు.

చివరిది మా వృత్తివాళ్లకు, షాపుకొచ్చే మీకు కూడా. క్రిములను చంపే మందు కలిపిన నీళ్లలో ముంచినంత మాత్రాన బ్రష్ శుభ్రమైపోదు. సబ్బు, మురికి ఉండగా మందు సరిగా పనిచేయదు. ముందు కడగాలి, తర్వాతే మందు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో శుద్ధి చేయని జంతు వెంట్రుకల బ్రష్‌ల వల్ల సైనికులకు ఆంథ్రాక్స్ అనే, పశువుల నుంచి వచ్చే జబ్బు సోకింది. 1920లో బ్రిటన్ జపాన్ బ్రష్‌ల దిగుమతినే ఆపేసింది. ఇప్పుడు మనం భయపడాల్సింది ఒకరి గడ్డం నుంచి ఇంకొకరికి పాకే తామర, సెగ్గడ్డలు. బ్లేడుతో అయితే హెపటైటిస్-బి దాకా పోతుంది. అందుకే కొత్త బ్లేడు అడగండి, మీ బ్రష్ మీరే తెచ్చుకోండి. మేం ఏమీ అనుకోం. మా షాపులో కిటికీ పక్కన పలకకు వరుసగా మేకులు కొట్టాను. రోజూ వచ్చేవాళ్ల బ్రష్‌లు అక్కడే ఆరుతాయి, ఎవరిది ఎవరిదో తెలియడానికి ఒక్కోదానికి ఒక్కో రంగు దారం.