గోదాం గచ్చు ఎక్కడ పగిలింది?

శ్రీకాకుళం జిల్లా రణస్థలం నుంచి నరసన్నపేట దాకా జాతీయ రహదారి పక్కనున్న గోదాముల్లో, లీజు ముగిసే వేళ వచ్చే తగాదా మళ్లీ రాజుకుంది. ఖాళీ చేసే సంస్థ అడ్వాన్సు వెనక్కి ఇవ్వమంటుంది. యజమాని గచ్చు చూపిస్తాడు. గచ్చు పలకల మధ్య జాయింట్లు పెచ్చులూడాయి, లోడింగ్ గుమ్మం ముందు గుంటలు పడ్డాయి, చీపురు ఆడిస్తే సిమెంటు పొడి లేస్తోంది. బాగుచేయించే ఖర్చు పట్టుకుని మిగిలింది ఇస్తానంటాడు. గచ్చే నాసిరకమని అద్దెకున్నవారి వాదన. వేసిన కాంట్రాక్టరు ఎప్పుడో డబ్బు తీసుకుని వెళ్లిపోయి ఉంటాడు.

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ ఈ విషయంలో ఒక మాట చెప్పింది. అద్దెకు తీసుకున్నవారు ఆస్తిని తమకు అప్పగించినప్పుడు ఎలా ఉందో అలాగే తిరిగివ్వాలి. సహేతుకమైన అరుగుదల, మనిషి అడ్డుకోలేని విపత్తు వల్ల వచ్చిన మార్పులకు మాత్రం మినహాయింపు ఉంది. గొడవంతా ఆ ‘అరుగుదల’ చుట్టూనే. బస్తా కలాసీ భుజం దిగి చక్రం ఎక్కినప్పుడు అరుగుదల తీరే మారిపోయింది. లీజు పత్రంలో మాట మారలేదు, గచ్చు వేసే పద్ధతీ మారలేదు.

ధాన్యం, గోనె నార, జీడిపిక్కలు, ఎరువులు అన్నీ బస్తాల్లోనే ఉన్నప్పుడు గచ్చుకు పెద్ద పరీక్ష లేదు. 50 కిలోల బస్తా పడుకోబెడితే దాదాపు అర చదరపు మీటరు ఆక్రమిస్తుంది. ఇరవై వరసలు పేర్చినా చదరపు మీటరుకు సుమారు రెండు టన్నులు, అదీ సమంగా పరుచుకున్న బరువు. దిమ్మిసకొట్టిన గ్రావెల్ మీద నాలుగంగుళాల కాంక్రీటు దాన్ని హాయిగా మోసేది. పేర్చిన బస్తాల నెట్టు జాయింటు మీద కూర్చున్నా జాయింటుకు నష్టం లేదు.

చక్రం అలా కాదు. రెండున్నర టన్నులు లాగే చేతి ప్యాలెట్ ట్రక్కు (సరుకు పేర్చిన చెక్క పీఠం, అంటే ప్యాలెట్, కిందికి దూర్చి లాగే బండి) ఫోర్కు కింద రోలర్ల వ్యాసం ఏడెనిమిది సెంటీమీటర్లే. అవి గట్టి నైలాన్‌వో పాలీయూరిథేన్‌వో. మూడు టన్నుల ఫోర్క్‌లిఫ్ట్ ఖాళీగానే నాలుగు టన్నుల పైన తూగుతుంది. సరుకెత్తితే మొత్తం బరువులో 80 నుంచి 90 శాతం ముందు ఇరుసు మీదికి, అంటే ఆరు టన్నులు రెండు చక్రాల మీదికి వస్తుంది. ఆ చక్రం ఒక పలక అంచు దిగి, సందులో పడి, ఎదుటి అంచుకు గుద్దుకుని పైకి లేస్తుంది. రోజుకు వందసార్లు అదే చోట దెబ్బ తగిలితే ముందు గీత వెడల్పవుతుంది, తర్వాత అంచు పెచ్చు లేస్తుంది, ఆ తర్వాత గుంట.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక రాష్ట్రానికొక చిన్న గోదాం పెట్టుకోవలసిన అవసరం తగ్గి, పెద్ద షెడ్లకూ ఎత్తైన ర్యాకులకూ గిరాకీ పెరిగింది. బస్తాలకని కట్టిన షెడ్లు ప్యాలెట్ల సరుకుకు అద్దెకు వెళ్లాయి. రేకులు మార్చారు, షట్టర్లు వెడల్పు చేశారు, గచ్చుకు మాత్రం పైన ఒక పూత పూసి సరిపెట్టారు.

యజమానుల వాదన ఒక్కటే: అధిక బరువు. అది నిజమయ్యే చోట్లు ఉన్నాయి. టన్ను ప్యాలెట్లు నాలుగు అంతస్తులు ఎత్తే ర్యాకులో మధ్య కాలు ఒక్కటే నాలుగు టన్నులు మోస్తుంది. ఆ బరువంతా అరచేతి వెడల్పు బేస్‌ప్లేటు మీదే దిగుతుంది. పలక మందం అడగకుండా ర్యాకులు బిగించినవారిది తప్పే. విరిగిన ప్యాలెట్ మేకులతో గచ్చు గీరుకుపోవడం, ఆసిడ్ ఒలికి కాంక్రీటు తినేయడం కూడా అద్దెకున్నవారి ఖాతాలోవే.

అయితే ఏది ఎవరి ఖాతాలోకి పోవాలో గచ్చే చెబుతుంది, చూసే ఓపిక ఉండాలి గానీ. బరువు మించితే పలక మూలలు విరుగుతాయి, లేదా ర్యాకు కాళ్ల చుట్టూ పగులు మందం పొడవునా దిగుతుంది. చక్రాల దారిలో జాయింటు అంచులు మాత్రమే చితికి, పలక నడిమి భాగం చెక్కుచెదరకుండా ఉంటే ఆ లోపం జాయింటుది. ర్యాకుల కింద, చక్రం ఎన్నడూ తిరగని చోట కూడా పొడి లేస్తుంటే దానికి అరుగుదలతో సంబంధం లేదు. పైకి తేలిన నీరు ఆరకముందే పొడి సిమెంటు చల్లి తాపీ తిప్పిన గుర్తు అది, లేదా నీళ్లు కట్టని గుర్తు.

ఇంకో పరీక్షకు ఆరంగుళాల స్టీలు స్కేలు చాలు. దుమ్ము దులిపి కోత జాయింటులోకి, అంటే పలకలో మిషనుతో కోసిన గీతలోకి, దించాలి. 150 మిల్లీమీటర్ల పలకలో 40 నుంచి 50 మిల్లీమీటర్లు దిగాలి, అంటే మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు. 15 దగ్గరే ఆగిపోతే అది జాయింటు కాదు, పైపై గీత. కాంక్రీటు ఆరి కుదించుకునేటప్పుడు ఆ గీతను లెక్కచేయదు, తనకు నచ్చిన చోట పగులుతుంది. ఇదే ఎక్కువసార్లు కనబడే తప్పు. ఎందుకంటే కోత పడాల్సింది పోసిన ఆరు నుంచి పన్నెండు గంటల్లోపు, ఎండాకాలమైతే ఇంకా ముందు. మధ్యాహ్నం పోసిన పలకకు ఆ వేళ అర్ధరాత్రి వస్తుంది. కోసే మిషను అద్దెకు తెచ్చి మర్నాడు మధ్యాహ్నం మొదలుపెట్టేసరికి పగుళ్లు లోపల అప్పటికే పుట్టి ఉంటాయి.

గోదాము పల్లం భూమిలో కట్టిందైతే కారణం కింద వెతకాలి. పొలం బురదను అడుగు లోతున తీసెయ్యకుండా, టిప్పర్లతో మూడు నాలుగడుగుల గ్రావెల్ ఒకేసారి పోసి పైన రోలరు తిప్పితే పై పొరే గట్టిపడుతుంది. 150 నుంచి 200 మిల్లీమీటర్ల పొరలుగా వేస్తూ, ప్రతి పొరకూ తడిపి రోలింగ్ చేసి, గరిష్ఠ సాంద్రతలో 95 శాతం వచ్చిందని పరీక్షించాకే పైపొర వెయ్యాలి. అలా చెయ్యని చోట రెండు మూడు వానాకాలాలు తిరిగేసరికి పలక కింద ఖాళీ ఏర్పడుతుంది. ఇనుప రాడ్డుతో కొడితే డొల్ల మోగుతుంది. ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కినప్పుడు జాయింటులోంచి ఎర్రటి బురద నీరు చిమ్మిందంటే కింద మట్టి కొట్టుకుపోతోందన్నమాట. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుపాను నీళ్ల మీదికి ఈ నష్టాన్ని నెట్టేస్తుంటారు. బాగా కూరిన మట్టి మీద వేసిన పలక నాలుగు రోజులు నీళ్లు నిలిచినంత మాత్రాన డొల్లబోదు.

ఈ తగాదాలో ఎవరూ అడగని పక్షం కలాసీలది. జాయింటు గుంటలో చక్రం దిగబడితే ప్యాలెట్ ట్రక్కు హ్యాండిల్ విసురుగా వెనక్కి వచ్చి పొట్టకో మోకాలికో తగులుతుంది. పైన ఉన్న పెట్టె జారితే పడేది లాగేవాడి మీదే. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్ గచ్చులు, దారులు గట్టి నిర్మాణంతో ఉండాలని, వాటిని సరిగా నిర్వహించాలని, కాలుజారే పదార్థాలు ఉండకూడదని రాసింది. అడ్వాన్సు లెక్కల్లో ఈ మాట ఎవరూ ఎత్తరు.

మొదటే సరిగా వేయాలంటే చెయ్యాల్సింది మరీ ఎక్కువ కాదు. పైకప్పు పడ్డాకే గచ్చు పొయ్యాలి. ఎండలో, సముద్రపు గాలిలో పోస్తే గట్టిపడకముందే పైన వెంట్రుక పగుళ్లు వస్తాయి. మామూలు ఫోర్క్‌లిఫ్ట్ రాకపోకలకు 150 మిల్లీమీటర్లు, ర్యాకులుంటే లెక్క వేయించి 200 దాకా. కాంక్రీటు ఎం30 గ్రేడు, నీరు సిమెంటులో 0.45 వంతు దాటకూడదు. మిక్సరు లారీ గోదాం గుమ్మంలో ఆగాక పైపుతో నీళ్లు కలిపితే ఈ లెక్కంతా గంగపాలే. తడి కాంక్రీటులోని మిగులు నీటిని పీల్చేసే ట్రీమిక్స్ పద్ధతిలో వ్యాక్యూమ్ మ్యాట్లతో సెంటీమీటరు మందానికి ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు లాగాలి. 150 మిల్లీమీటర్ల పలకకు అరగంట దాకా. పది నిమిషాలకే మ్యాటు ఎత్తేస్తే కిరాయి తప్ప మిగిలేదేమీ లేదు. పై పొరను గట్టిపరిచే హార్డనర్ పొడిని చదరపు మీటరుకు మూడు నుంచి ఐదు కిలోలు రెండు విడతల్లో చల్లి ట్రోవెల్ తిప్పాలి. పోత ఆపిన చోట రెండు పలకలను కలిపే 20 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీలు (డోవెల్ బార్లు) అడుగుకొకటి పెట్టి, సగానికి గ్రీజు పూయాలి. రెండు వైపులా పట్టేస్తే పలక కదల్లేక పక్కన పగులుతుంది. పీపీసీ (ఫ్లై యాష్ కలిసిన) సిమెంటుకు కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 కనీసం పది రోజుల తడి అడుగుతుంది, పద్నాలుగైతే మేలంటుంది. మడులు కట్టి నీళ్లు నిలిపితే సరి, పూటకోసారి పైపు చూపిస్తే చాలదు.

చితికిన జాయింటుకు సిమెంటు పాలు పూస్తే నెల తిరక్కుండా ఊడుతుంది. గీతకు రెండు పక్కలా 50 మిల్లీమీటర్ల దూరంలో 25 నుంచి 40 మిల్లీమీటర్ల లోతున నిలువుగా కోసి, మధ్యది చెక్కి తీసి, దుమ్ము వ్యాక్యూమ్‌తో లాగి, ఎపాక్సీ మోర్టారు నింపాలి. గట్టిపడ్డాక జాయింటును పాత చోటే మళ్లీ కోసి, గట్టి రకం ఎపాక్సీ లేదా పాలీయూరియా ఫిల్లరును అడుగు దాకా పొయ్యాలి. సిలికాన్ పనికిరాదు, చక్రం కింద నొక్కుకుపోయి అంచును నిలబెట్టదు. డొల్ల పలకకు రంధ్రాలు వేసి తక్కువ ఒత్తిడితో పల్చటి సిమెంటు ముద్ద (గ్రౌటు) ఎక్కించాకే జాయింటు ముట్టుకోవాలి.

మొత్తం మీద ఎపాక్సీ పూసి దాచేద్దామనుకునేవారు ముందు 450 మిల్లీమీటర్ల చదరపు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపు వేసి పదహారు గంటలు ఉంచి చూడాలి. కింద చెమ్మ కనబడితే పూత బొబ్బలెత్తుతుంది. పలాస జీడి యూనిట్లలో పెంకు నూనె ఇంకిన గచ్చుకైతే పై పొర గ్రైండింగ్‌తో తియ్యనిదే ఏదీ అంటుకోదు.

వీటిలో చాలాభాగం అప్పగింత రోజునే తేలిపోవచ్చు. పలక మందం, కాంక్రీటు గ్రేడు, జాయింట్ల దూరం, ఒక చక్రం కింద మోయగల బరువు రాసి, ప్రతి జాయింటుకూ స్కేలు పెట్టి తీసిన ఫొటో జతచేస్తే ఆ తర్వాత వాదించడానికి మిగిలేది తక్కువ. లీజు పత్రాల్లో మామూలుగా కనబడేది మాత్రం ‘ఫ్లోరింగ్: సిమెంట్’ అన్న రెండు మాటలే.