తొలి కుట్టుకు ముందు కరిగిపోయే నెలలు

పూర్తి చేతుల చొక్కా ఒకటి కుట్టడానికి ఫ్యాక్టరీలో పట్టే పని 20 నుంచి 25 నిమిషాలు. సాదా టీషర్టుకైతే 10 నిమిషాలు కూడా అక్కర్లేదు. అదే చొక్కా కాగితం మీద బొమ్మగా ఉన్న నాటి నుంచి లైనులో తొలి కుట్టు పడే రోజు దాకా మూడు, నాలుగు నెలలు గడిచిపోవడం ఎగుమతి పరిశ్రమలో మామూలు సంగతి. ఈ నెలలు ఎక్కడ పోతున్నాయో చూడకుండా, మిషన్ ముందు కూర్చున్న మనిషి వేగాన్ని మాత్రం గంటగంటకూ లెక్కపెట్టడం దశాబ్దాలుగా సాగుతోంది. గంటకు ఎన్ని ముక్కలు వచ్చాయో లైను చివర బోర్డు మీద రాస్తారు. పంపిన శాంపిల్‌కు జవాబు రాక ఎన్ని రోజులైందో రాసే బోర్డు ఫ్యాక్టరీ గోడ మీద కనిపించడం అరుదు.

ఈ నిరీక్షణ ఎలా మొదలవుతుందో ముందు చూద్దాం. విదేశీ బ్రాండును ఇక్కడ అందరూ బయ్యర్ అంటారు. బయ్యర్ నుంచి డిజైను వివరాలు, కొలతలు, వాడాల్సిన సామగ్రి జాబితాతో ఒక కట్ట వస్తుంది. దాని పేరు టెక్ ప్యాక్. ఫ్యాక్టరీలో ఆర్డరు పని నడిపించే మర్చండైజర్ దాన్ని అందుకుని, ముక్కల ఆకారాలు గీసే ప్యాటర్న్ మాస్టర్ దగ్గరికి వెళ్తారు. తొలి నమూనా కుట్టి పంపితే అవతలివాళ్లు మార్పులు చెబుతారు. తర్వాత ఒంటి మీద ఎలా కూర్చుందో చూసే ఫిట్ శాంపిల్, ఆపైన సైజుకొకటి చొప్పున సైజ్ సెట్, చివరికి అసలు బట్టతో, అసలు గుండీలతో కుట్టిన పీపీ (ప్రీ ప్రొడక్షన్) శాంపిల్. ప్రతి మెట్టు దగ్గరా పార్సిల్ విమానం ఎక్కాలి, అవతల ఎవరో తీరిక చేసుకుని చూడాలి, సరేనని కబురు రావాలి. మెడ పావు అంగుళం బిగుతుగా ఉందంటే మళ్లీ మొదటికి.

రంగు సంగతి ఇంకా సున్నితం. చీర పట్టుకుని మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్లే మన ఆడవాళ్లు కొట్లోని ట్యూబ్‌లైటును నమ్మరు. చీరనూ జాకెట్ గుడ్డనూ గుమ్మం బయటికి తెచ్చి పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూస్తారు. లోపల అచ్చంగా కలిసిన రంగులు బయట తేలిపోవడం వాళ్లకు అనుభవమే. పరిశ్రమ ఇదే పనిని ల్యాబ్ డిప్ పేరుతో చేస్తుంది. అద్దకం యూనిట్ చిన్న చిన్న గుడ్డముక్కలకు రంగు వేసి, రెండు మూడు ఛాయలను అట్టకు అంటించి బయ్యర్‌కు పంపుతుంది. అక్కడ పగటి వెలుతురును పోలిన దీపం, దుకాణంలో వాడే దీపం ఉన్న పెట్టెలో పెట్టి చూస్తారు. ఎరుపు ఒక పిసరు ఎక్కువైందని తిప్పిపంపితే మరో వారం పోతుంది. మూడుసార్లు తిప్పిపంపితే నెల కావస్తుంది. రంగు ఖాయం కానిదే బట్ట అద్దకానికి వెళ్లదు. బట్ట రానిదే పీపీ శాంపిల్ లేదు. పీపీ శాంపిల్‌కు ఆమోదం రానిదే కట్టింగ్ టేబుల్ మీద గుడ్డ పరవరు. అంతా సిద్ధమయ్యాక జిప్పులో, మెడ లేబులో రాలేదని లైను ఆగిన సందర్భాలు ఈ రంగంలో ఉన్నవాళ్లు ఎన్నయినా చెబుతారు.

కుట్టుపని మొదటి నుంచీ ఇంత దూరం నుంచి నడిచింది కాదు. 20వ శతాబ్దం మధ్య దాకా న్యూయార్క్‌లోని సెవెంత్ అవెన్యూ పరిసరాల్లో డిజైను గీసేవారు, ప్యాటర్న్ కోసేవారు, కుట్టేవారు, గుండీలూ లేసులూ అమ్మేవారు ఒకరికొకరు నడిచి వెళ్లేంత దూరంలో ఉండేవారు. మెడ బిగుతైతే మాస్టర్‌ను పిలిచి చూపిస్తే సరిపోయేది. తర్వాత కూలి చౌకగా దొరికే హాంకాంగ్, తైవాన్, దక్షిణ కొరియాలకు కుట్టుపని తరలింది. నిర్ణయించే కంటికీ కుట్టే చేతికీ మధ్య సముద్రం వచ్చి పడింది. శాంపిల్ పార్సిళ్ల రాకపోకలు అప్పటి నుంచే పెరిగాయి.

ఆ దూరాన్ని కోటాలు ఇంకా చిక్కుపరిచాయి. 1974లో అమల్లోకి వచ్చిన మల్టీ ఫైబర్ ఒప్పందం ఏ దేశం నుంచి ఏ రకం దుస్తులు ఎన్ని కొనాలో హద్దులు గీసుకునే వీలును అమెరికా, ఐరోపా దేశాలకు ఇచ్చింది. కొరియా కోటా నిండిపోతే కొరియా కంపెనీలు కోటా లేని దేశాన్ని వెతుక్కునేవి. బంగ్లాదేశ్ దుస్తుల పరిశ్రమ పుట్టుక అలాంటి వెతుకులాటలోనే ఉంది. అక్కడ నూరుల్ ఖాదర్ స్థాపించిన దేశ్ గార్మెంట్స్, కొరియా సంస్థ దేవూతో ఒప్పందం కుదుర్చుకుంది. 1979లో 130 మంది బంగ్లాదేశీయులు బూసాన్ వెళ్లి ఆరు నెలలు శిక్షణ పొంది వచ్చారు. తర్వాతి ఏళ్లలో వాళ్లలో 115 మంది బయటికి వెళ్లి సొంతంగానో ఇతరులతో కలిసో కొత్త ఫ్యాక్టరీలకు ప్రాణం పోశారు. కుట్టే నేర్పు అంత త్వరగా వ్యాపించింది. బట్ట మాత్రం చాలాకాలం బయటి దేశాల నుంచే రావాల్సి వచ్చింది. గుడ్డ ఒక దేశానిది, జిప్పు మరో దేశానిది, కుట్టు ఇంకో దేశానిది, చివరి మాట న్యూయార్క్‌దో లండన్‌దో. సరుకు ఎక్కడ త్వరగా తయారవుతుందన్న దానికంటే ఏ దేశానికి కోటా మిగిలి ఉందన్నదే ముఖ్యమైన రోజులవి. ఈనాటి ఆలస్యాలను ఫ్యాక్టరీ నిర్వాహకుల అలసత్వంగా మాత్రమే చూసేవారు ఈ 30 ఏళ్ల చరిత్రను మరిచిపోతున్నారని నేను నమ్ముతాను.

మన దేశం తన వంతు ముడి ఒకటి వేసుకుంది. రెడీమేడ్ దుస్తుల తయారీని చిన్న పరిశ్రమలకే కేటాయించారు. ఉద్దేశం మంచిదే, చిన్నవాళ్లకు ఉపాధి మిగలాలని. దాని ఫలితంగా పెట్టుబడికి పరిమితి ఏర్పడి నూలు, నేత, అద్దకం, కుట్టు ఒకే కప్పు కిందికి రాలేకపోయాయి. చిన్న యూనిట్‌కు సొంత ప్రయోగశాల లేదు, సొంత అద్దకం లేదు. ప్రతిదానికీ ఇంకొకరి గుమ్మం ముందు నిలబడాలి. నేసిన బట్టతో కుట్టే దుస్తులకు 2000 నాటి జాతీయ జౌళి విధానంతో, అల్లిక దుస్తులకు 2005లో ఈ కేటాయింపు తొలగింది. ప్రపంచవ్యాప్తంగా కోటాలు కూడా 2005 జనవరి 1తో ముగిశాయి. అప్పటికి చైనా చాలా ముందుకు వెళ్లిపోయింది.

ఈలోగా కొనే దేశాల్లోనూ లెక్కలు తీశారు. 1985లో కర్ట్ సాల్మన్ అసోసియేట్స్ అనే సలహా సంస్థ అమెరికా దుస్తుల పరిశ్రమను పరిశీలించింది. ముడిసరుకు దశ నుంచి కొనేవాడి చేతికి చేరేదాకా 66 వారాలు పడుతోందని తేలింది. అందులో ఫ్యాక్టరీల్లో గడిచేది 11 వారాలు. 40 వారాలు గోదాముల్లో, రవాణాలో పోతున్నాయి. మిగతా 15 వారాలు దుకాణంలో. సరుకును త్వరగా చేర్చాలన్న క్విక్ రెస్పాన్స్ ఉద్యమం ఈ లెక్క నుంచే పుట్టింది.

అసలు ఉపాయం ఇటలీలో, స్పెయిన్‌లో దొరికింది. 1970ల్లో ఇటలీ సంస్థ బెనెటన్ స్వెట్టర్లను రంగు వేయని నూలుతో ముందే అల్లించి, ఏ రంగు అమ్ముడవుతోందో చూశాక అద్దకానికి పంపడం మొదలుపెట్టింది. ఖాయం కావడానికి ఎక్కువ కాలం పట్టే నిర్ణయాన్ని పని చివరికి జరిపింది. జారా తొలి దుకాణం 1975లో స్పెయిన్‌లోని ఆ కొరూన్యాలో తెరుచుకుంది. దాని మాతృసంస్థ రంగు వేయని బట్టను ముందే నిల్వ ఉంచుకుని, డిజైనర్లనూ ప్యాటర్న్ చేసేవారినీ దుకాణాల సమాచారం చూసేవారినీ ఒకే చోట కూర్చోబెట్టింది. కుట్టుపనిలో పెద్ద వాటాను స్పెయిన్, పోర్చుగల్, మొరాకోల్లోనే ఉంచుకుంది. డిజైను నుంచి దుకాణానికి రెండు మూడు వారాల్లో సరుకు చేర్చడం అందువల్లే సాధ్యమైంది. అక్కడ కుట్టే చేతులు ఎవరికన్నా వేగంగా కదల్లేదు. అనుమతి కోసం చూసే రోజులు తగ్గాయి, అంతే.

యంత్రాలు కూడా కొంత సాయం చేశాయి. 1960ల చివర్లో అమెరికాలో జోసెఫ్ గెర్బర్ రూపొందించిన ఆటోమేటిక్ కట్టర్, 1970ల్లో ఫ్రాన్స్‌లో మొదలైన లెక్ట్రా సంస్థ సాధనాలు ప్యాటర్న్ పనిని, గుడ్డ మీద ముక్కల అమరిక గీసే మార్కర్ పనిని కంప్యూటర్ మీదికి తెచ్చాయి. ఈ 15 ఏళ్లలో తెర మీదే బొమ్మకు చొక్కా తొడిగి చూపించే త్రీడీ సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. 2020లో కరోనా వల్ల పార్సిళ్లు ఆగిపోయినప్పుడు వాటి విలువ చాలామందికి తెలిసింది. తొలి రెండు శాంపిళ్లను తెర మీదే తేల్చుకోవచ్చు. గుడ్డ ఒంటి మీద పడే తీరును, తాకితే తెలిసే మెత్తదనాన్ని మాత్రం తెర ఇంకా పూర్తిగా చూపలేకపోతోంది.

ఫ్యాక్టరీ చేతిలో ఉన్న పాఠం ఒకటి కార్ల పరిశ్రమ నుంచి వచ్చింది. జపాన్‌లో టయోటా కోసం షిగియో షింగో పెద్ద ప్రెస్‌లో అచ్చు మార్చడానికి పట్టే నాలుగు గంటలను మూడు నిమిషాలకు తెచ్చారు. యంత్రం ఆగాక మాత్రమే చేయాల్సిన పని ఏదో, నడుస్తుండగానే చేసిపెట్టుకోగల పని ఏదో వేరు చేయడం ఆయన పద్ధతి. కుట్టు లైనులో ఒక స్టైలు అయిపోయి కొత్తది ఎక్కేటప్పుడు జరిగేదీ ఇదే. మిషన్ల వరస మార్చాలి, కాలరుకూ కఫ్‌కూ గుడ్డ అంచును మడిచే ఫోల్డర్లు అమర్చాలి, కొత్త పని ఎవరు చేస్తారో తేల్చాలి. ఇవన్నీ పాత స్టైలు నడుస్తుండగానే పక్కన సిద్ధం చేసుకుంటే, నాలుగు మిషన్ల మీద కొన్ని ముక్కలు ముందే కుట్టి చూసుకుంటే, తొలి రెండు మూడు రోజులు లైను తడబడాల్సిన అవసరం ఉండదు. దీనికి కావలసింది ముందుచూపు. పెట్టుబడి పెద్దగా అక్కర్లేదు.

ముందు పోయిన రోజుల భారం చివరికి ఎవరి మీద పడుతుందో చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. ప్రతి ఆర్డరుకూ టైమ్ అండ్ యాక్షన్ క్యాలెండర్ ఒకటి ఉంటుంది. ల్యాబ్ డిప్ ఏ రోజు, ఫిట్ ఏ రోజు, కట్టింగ్ ఏ రోజు అన్నీ అందులో ఉంటాయి. పైనున్న తేదీలన్నీ వాయిదా పడుతుంటాయి గానీ అట్టడుగున ఉన్న ఎగుమతి తేదీ మాత్రం సాధారణంగా కదలదు. ఆమోదం రెండు వారాలు ఆలస్యమైతే కుట్టుకు ఉన్న ఐదు వారాలు మూడవుతాయి. తేదీ తప్పితే ఓడలో వెళ్లాల్సిన సరుకును సొంత ఖర్చుతో విమానంలో పంపాలి, లేదంటే ధర తగ్గించుకోవాలి. ఆ భయంతో రాత్రి పని, ఆదివారం పని, పెంచిన టార్గెట్లు. మంచినీళ్లు తాగితే మూత్రానికి లేవాల్సి వస్తుందని దాహం ఆపుకునే స్త్రీల గురించి దుస్తుల కార్మికుల సంఘాలు ఏళ్లుగా చెబుతూనే ఉన్నాయి. బ్రాండ్ల కొనుగోలు పద్ధతులకూ ఫ్యాక్టరీల్లో జరిగే హక్కుల ఉల్లంఘనలకూ ఉన్న లంకెను హ్యూమన్ రైట్స్ వాచ్ 2019 నాటి నివేదికలో విడమరిచింది. ఎక్కడో ఒక ఈమెయిలుకు జవాబు రాకపోవడం ఇక్కడ ఒక తల్లి ఇంటికి చేరే వేళను మార్చేస్తోంది.

అలాగని ప్రతి నిరీక్షణనూ కత్తిరించేయకూడదు. క్యాన్సర్‌కు దారితీసే రసాయనాలు వెలువడే కొన్ని రకాల అజో రంగులను జర్మనీ 1994లో నిషేధించింది. పిల్లల దుస్తుల్లో సీసం వంటివి లేవని బయటి ప్రయోగశాలలో పరీక్షించాలని అమెరికా 2008 చట్టంతో నిర్దేశించింది. అవి ఒంటికి తగిలే బట్ట గురించిన జాగ్రత్తలు, వాటికి పట్టే రోజులు పట్టాల్సిందే. అల్లిక బట్టను కోసే ముందు చుట్ట విప్పి ఒక రోజు పాటు వదులుగా ఆరవేయాలి. ఆ ఒక్క రోజు మిగుల్చుకుందామని చూస్తే ఉతికాక టీషర్టు కురచవుతుంది. తిరుప్పూర్‌లో నొయ్యల్ నది అద్దకం నీటితో పాడైపోతే, మద్రాస్ హైకోర్టు 2011 జనవరిలో అద్దకం యూనిట్లను మూయించింది. వాడిన నీటి చుక్క కూడా బయటికి వదలకుండా శుద్ధి చేశాకే మళ్లీ తెరవాలని షరతు పెట్టింది. ఆర్డర్లు ఆగి, చాలామంది నష్టపోయారు. నదిని తాకట్టు పెట్టి సాధించిన వేగానికి చెల్లించక తప్పని మూల్యం అది.

తెలుగు నేల మీద ఈ చరిత్ర రెండు చోట్ల కొత్త మలుపు తీసుకుంది. అనకాపల్లి దగ్గర అచ్యుతాపురంలో శ్రీలంక సంస్థ బ్రాండిక్స్ 1,000 ఎకరాల్లో దుస్తుల నగరాన్ని నెలకొల్పింది. నూలు, బట్ట, అద్దకం, కుట్టు ఒకే ప్రాంగణంలోకి తేవాలన్నది దాని మూల ఆలోచన. చుట్టుపక్కల పల్లెల నుంచి వేలాది మంది ఆడపిల్లలు బస్సుల్లో అక్కడికి పనికి వస్తున్నారు. ఇక వరంగల్. 1934లో మొదలైన ఆజంజాహీ మిల్లు ఈ శతాబ్దం ఆరంభంలో మూతపడ్డాక, ఎనుమాముల మార్కెట్ పత్తికి పేరుమోసినా ఊళ్లో దాన్ని బట్టగా మార్చే పెద్ద మిల్లు లేకపోయింది. 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు, తర్వాత కేంద్ర ప్రభుత్వ జౌళి పార్కుల పథకం పీఎం మిత్రలో చేరింది. కొరియా సంస్థ యంగ్‌వన్ అక్కడికి వచ్చింది. బట్ట పక్క షెడ్డులోనే దొరికితే దాని కోసం చూసే వారాలు నిజంగానే తగ్గుతాయి.

ఆమోదం మాత్రం పక్క షెడ్డులో దొరకదు. అది ఇంకా సముద్రం అవతలి నుంచే రావాలి. అందుకే కొందరు బయ్యర్లు నమ్మకమైన అద్దకం యూనిట్లకు రంగును స్పెక్ట్రోఫొటోమీటర్‌తో కొలిచి అక్కడికక్కడే ఖాయం చేసే అధికారం ఇస్తున్నారు. పాత స్టైలు మళ్లీ వచ్చినప్పుడు ఫిట్ శాంపిల్ అడగడం మానేస్తున్నారు. 2021లో పలు దేశాల తయారీదారుల సంఘాలు కలిసి కొనుగోలు షరతులు న్యాయంగా ఉండాలని ఒక పత్రం వెలువరించాయి. జవాబు ఇవ్వాల్సిన గడువును బయ్యర్‌కు కూడా ఒప్పందంలో రాయాలని, ఆ జవాబు ఎన్ని రోజులు ఆలస్యమైతే ఎగుమతి గడువు కూడా అన్నే రోజులు పెరగాలని ఫ్యాక్టరీలు అడగాలి. కొత్త పార్కులకు భూమి, కరెంటు, రాయితీలు ఇస్తున్న మన ప్రభుత్వాలు కూడా బ్రాండ్లతో మాట్లాడేటప్పుడు ఈ ఒక్క షరతును బల్ల మీద పెట్టాలి.