చెవిలో కాలువలు, కాలువలో మేట

అమలాపురం దగ్గరి ఒక పల్లె నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఈ వ్యాసానికి కారణం. అరవై దాటిన వాళ్ళ అమ్మగారు తెల్లవారుజామున మంచం మీద కుడి పక్కకు ఒత్తిగిలినప్పుడల్లా ఇల్లంతా గిర్రున తిరిగిపోతోందట. మంచం పట్టె గట్టిగా పట్టుకుని అర నిమిషం కళ్ళు మూసుకుంటే సర్దుకుంటుందట, లేచి కూర్చోగానే మరొకసారి తిరుగుతుందట. ఒకరు రక్తపోటు అన్నారు, ఒకరు మెడ ఎముకలు అరిగాయని పట్టీ వేయించారు, ఎదురింటి పెద్దావిడ దిష్టి తీశారు, నాలుగు నెలలుగా తల తిరగకుండా ఉండేందుకు మాత్రలు వాడుతున్నారు. "పక్క మార్చినప్పుడే ఎందుకు తిరుగుతుంది, అదీ కుడివైపే ఎందుకు?" అని ఆమె అడిగారు. ఉత్తరం చదివి రోగం తేల్చడం తగదు. అయినా ఈ వర్ణనకు ఇంత అచ్చంగా సరిపోయే జబ్బు ఒకటుంది, దానికి కారణం లోపలి చెవిలో ఉంటుంది. వైద్యులు దాన్ని బినైన్ పెరాక్సిస్మల్ పొజిషనల్ వర్టిగో, క్లుప్తంగా బీపీపీవీ అంటారు.

లోపలి చెవికి ఉన్న రెండు పనుల్లో వినికిడి సంగతి అన్ని పుస్తకాల్లోనూ ఉన్నదే కనుక వదిలేస్తున్నాను. రెండో పని తల కదలికను కనిపెట్టడం. అందుకోసం ప్రతి చెవిలోనూ ఒకదానికొకటి దాదాపు లంబంగా అమరిన మూడు సన్నని గొట్టాలు విల్లులా వంగి ఉంటాయి. జంతుశాస్త్ర పాఠాల్లో వీటిని అర్ధవర్తుల కుల్యలు అని బట్టీ పట్టిస్తాం. కుల్య అంటే కాలువ అని మాత్రం ఎవరూ చెప్పరు. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి బయలుదేరిన కాలువల నీళ్ళు తాగి పెరిగిన పిల్లలకు ఆ ఒక్క మాట చెబితే సగం పాఠం చెప్పినట్లేనని నా నమ్మకం. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ ఆనకట్ట మనకు వరితోపాటు కాలువను చూసి అర్థం చేసుకునే కన్నును కూడా ఇచ్చింది.

చెవిలోని కాలువ లోపలి వెడల్పు మిల్లీమీటరులో మూడో వంతుకు మించదు. దాన్నిండా అంతర్లసిక అనే ద్రవం ఉంటుంది. ఒక చివర కాలువ కాస్త ఉబ్బి ఉంటుంది, ఆ ఉబ్బులో అడ్డంగా, లాకు తలుపులా, జిగురుపదార్థంతో చేసిన మెత్తని తెర ఒకటి నిలబడుతుంది. దాని పేరు కప్యులా. మన లాకు తలుపు తెరుచుకుంటుంది, ఈ తెర తెరుచుకోదు, వంగుతుంది. తల తిప్పినప్పుడు కాలువ తలతో పాటు కదులుతుంది, ద్రవం మాత్రం జడత్వం వల్ల వెనకబడి తెరను తోస్తుంది. తెర అడుగున ఉన్న రోమకణాలు లాకు దగ్గర నీటిమట్టం చూసి కబురు పంపే లస్కర్ల వంటివి. తెర ఎటు, ఎంత వంగిందో మెదడుకు తెలియజేయడం వాటి పని. లస్కరు చెప్పినదే కార్యాలయంలో నమోదవుతుంది. తెర వంగిందంటే తల తిరుగుతున్నట్లేనని మెదడు నమ్ముతుంది.

ఇందులో ఒక సూక్ష్మముంది. తెర సాంద్రత, ద్రవం సాంద్రత సమానం. అందువల్ల తల ఎటు వాల్చి కదలకుండా ఉంచినా తెర వంగదు. భూమి ఆకర్షణను తూచే పని పక్కనే ఉన్న యుట్రికిల్ అనే సంచిది. అందులో ఒక జిగురుపొర మీద కాల్షియం కార్బొనేటు స్ఫటికాలు వేల సంఖ్యలో పరచుకుని ఉంటాయి. సున్నపురాయి కూడా అదే పదార్థం. ఒక్కొక్కటి మిల్లీమీటరులో నూరో వంతు ఉంటుంది, ద్రవం కన్నా రెండున్నర రెట్లకు పైగా బరువు. తలకు దెబ్బ తగిలినా, వయసు మీద పడినా, ఒక్కొక్కప్పుడు కారణమేదీ కనబడకుండానే, కొన్ని స్ఫటికాలు ఊడి కాలువలో పడతాయి. మూడు కాలువల్లో వెనుకది, నిలబడ్డప్పుడూ పడుకున్నప్పుడూ పల్లంలో ఉండేది కనుక, మేట ఎక్కువగా దానిలోనే చేరుతుంది. పల్లపు కాలువకే పూడిక ఎక్కువ అన్న సంగతి శివారు రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అయితే పోలికను ఇక్కడ జాగ్రత్తగా పట్టుకోవాలి. గోదావరి కాలువలో ఒండ్రు కదలకుండా కూర్చున్నప్పుడు ఇబ్బంది వస్తుంది. చెవి కాలువలో కూర్చున్న మేట ఏ బాధా పెట్టదు, అది జారినప్పుడే చిక్కు. అమ్మగారు కుడి పక్కకు ఒత్తిగిలగానే కుడిచెవి వెనుక కాలువ నిలువుగా మారుతుంది, రాళ్ళు కొత్త పల్లానికి జారడం మొదలుపెడతాయి, ఇరుకు గొట్టంలో జారుతూ పంపులోని ముషలకంలా ద్రవాన్ని తమతో లాగుతాయి, తెర వంగుతుంది. తల దిండు మీద నిశ్చలంగానే ఉన్నా గిరగిర తిరుగుతోందని లస్కరు కబురు పంపుతాడు. ఎడమచెవి అటువంటి కబురు పంపదు. ఈ రెండు కబుర్ల పొంతన కుదరకపోవడమే ఇల్లు తిరగడం.

ఈ జబ్బుకు ఉన్న ప్రతి విచిత్ర లక్షణమూ ఇదే లెక్కలో ఒదుగుతుంది. ఒత్తిగిలిన కొన్ని క్షణాల తరువాత గాని తిరుగుడు మొదలుకాదు, ఎందుకంటే వెడల్పైన ఉబ్బులో రాళ్ళు దొర్లినంతసేపు ఒత్తిడి స్వల్పం, ఇరుకు గొట్టంలోకి దిగాకే అది తెరను వంచగలదు. నిమిషం లోపే ఆగిపోతుంది, రాళ్ళు అడుగుకు చేరి ఆగుతాయి కనుక. లేచి కూర్చుంటే అవి వెనక్కి జారతాయి, అందుకే తిరుగుడు రెండోసారి, ఈసారి వ్యతిరేక దిశలో వస్తుంది. వెంటవెంటనే అదే భంగిమ చేయిస్తే తీవ్రత తగ్గుతుంది, ముద్దగా ఉన్న రాళ్ళు చెదిరి ద్రవాన్ని మునుపటి బలంతో తోయలేవు. ఆ సమయంలో కనుగుడ్లు కింది చెవి వైపు సుడి తిరిగినట్లు అదురుతాయి, ఆ అదురును బట్టి ఏ చెవిలో ఏ కాలువ అన్నది వైద్యుడు చెప్పగలడు. ఒక్క భౌతిక కారణం ఇన్ని లక్షణాలను వరసగా విడమరచిన సందర్భం వైద్యంలో నాకు మరొకటి తట్టడం లేదు.

ఇదంతా ఒక్కరోజున తెలియలేదు. చెవిలోని సమతుల్య వ్యవస్థపై పరిశోధనకు 1914 నోబెల్ బహుమతి పొందిన రాబర్ట్ బారానీ 1921లో ఈ జబ్బును వర్ణించాడు. 1952లో మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ లండన్‌లో దీనికి పరీక్షను స్థిరపరిచారు. తలను 45 డిగ్రీలు పక్కకు తిప్పి, రోగిని చటుక్కున వెనక్కి పడుకోబెట్టి, కళ్ళను గమనించడమే ఆ పరీక్ష. దానికి యంత్రం అక్కరలేదు, బల్ల ఉంటే చాలు. 1969లో హెరాల్డ్ షుక్‌నెక్ట్ రాళ్ళు తెరకు అతుక్కుంటాయని అన్నాడు. అతుక్కుంటే నిమిషంలో ఎలా ఆగుతుందన్న ప్రశ్న మిగిలింది, రాళ్ళు కాలువలో విడిగా తేలుతున్నాయన్న వాదం 1979లో వచ్చింది. 1992లో పార్నెస్, మక్‌క్లూర్ శస్త్రచికిత్స చేస్తూ ఆ రేణువులను కాలువలో కళ్ళారా చూశారు.

రాళ్ళు విడిగా ఉన్నాయంటే వాటిని బయటికి నడిపించవచ్చు. అమెరికాలో ఆరిగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో చెవి వైద్యుడు జాన్ ఎప్లీ చేసిన ఆలోచన అదే. మన కాలువలకు వేసవిలో నీళ్ళు కట్టేసి పూడిక తీస్తారు. చెవి కాలువను కట్టేయలేం, తవ్వలేం. దాని ఒక చివర తెర మూసి ఉంటుంది, రెండో చివర మాత్రం యుట్రికిల్‌లోకి తెరిచి ఉంటుంది. కాబట్టి పల్లాన్నే మెల్లగా మార్చుకుంటూ పోవాలి. కుడిచెవి అయితే తల కుడికి 45 డిగ్రీలు తిప్పి వెనక్కి పడుకోబెట్టి, తలను మంచం అంచు కిందికి కొద్దిగా వేలాడదీస్తారు, తిరుగుడు ఆగాక తలను ఎడమకు 90 డిగ్రీలు తిప్పుతారు, తరువాత ఒళ్ళంతా ఎడమ పక్కకు దొర్లించి ముక్కు నేల వైపు చూసేటట్లు చేస్తారు, చివరికి కూర్చోబెడతారు. ప్రతి మజిలీలో కాలువలో ఒక్కొక్క వంపు పల్లమవుతుంది, రాళ్ళు ఆ వంపు దాటి చివరికి సంచిలో పడతాయి. 1980లో దీన్ని సహచరుల ముందు పెట్టినప్పుడు చాలామంది నమ్మలేదు. ఆయన పరిశోధన పత్రం 1992లో గాని అచ్చుకాలేదు.

నమ్మకపోవడం తప్పని నేననను, రుజువు అడగడం వైద్యానికి అవసరం. దిష్టి తీసిన పెద్దావిడ ప్రేమతోనే తీశారు, నిమిషం లోపే తిరుగుడు ఆగింది కనుక దిష్టి పోయిందనుకున్నారు. మాత్ర ఇచ్చిన వైద్యుడికీ ఇదే భ్రమ కలగవచ్చు, ఎందుకంటే ఈ జబ్బు చాలామందిలో కొన్ని వారాలకు దానంతటదే తగ్గుతుంది. ఎప్లీ పద్ధతికీ అదే అనుమానం వర్తిస్తుంది. దాన్ని తీర్చడానికి జర్మనీలో వాన్ బ్రెవర్న్ బృందం ఒక చక్కని ఉపాయం చేసి 2006లో ప్రచురించింది. రోగులను చీట్లు తీసినట్లు రెండు జట్లు చేసి, ఒక జట్టుకు జబ్బు చెవి వైపు, రెండో జట్టుకు మంచి చెవి వైపు అదే కసరత్తు చేయించారు. కదలికలన్నీ ఒక్కటే కనుక తమది ఏ జట్టో రోగికి తెలియదు. ఒక రోజు గడిచాక నిజమైన చికిత్స పొందిన 35 మందిలో 28 మందికి పరీక్షలో కళ్ళు అదరలేదు, రెండో జట్టు 31 మందిలో ముగ్గురికి మాత్రమే అలా జరిగింది. వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ ఎప్లీ పద్ధతిపై జరిగిన 11 ప్రయోగాలను, మొత్తం 745 మందిని, 2014లో సమీక్షించింది. వాటిలో ఐదింటిని కలిపి చూస్తే తిరుగుడు పూర్తిగా పోయినవారు 21 శాతం నుంచి 56 శాతానికి పెరిగారు.

అందుకే అమెరికాలోని చెవి ముక్కు గొంతు వైద్యుల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ ఓటోలారింగాలజీ, 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ జబ్బుకు తల తిరుగుడు మాత్రలను అలవాటుగా రాయవద్దనీ, లక్షణాలు సరిపోతే స్కానింగ్ అక్కరలేదనీ చెబుతున్నాయి. మాత్ర లస్కరు నోరు మూయిస్తుంది, పూడిక అలాగే ఉంటుంది. మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, కాలో చెయ్యో పట్టు తప్పినా, తిరుగుడు నిమిషంలో ఆగక గంటల తరబడి సాగినా అది వేరే జబ్బు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మెడ జబ్బున్నవారు ఈ కసరత్తును సొంతంగా చేయకూడదు.

మళ్ళీ వస్తుందా అని కూడా ఆ పాఠకురాలు అడిగారు. వస్తుంది. ఏడాదిలో నూటికి సుమారు పదిహేను మందికి, ఐదేళ్ళలో సగం మంది దాకా తిరగబెడుతుంది. సున్నపు స్ఫటికాల జబ్బు కనుక ఎముకలకు వర్తించేదే వీటికీ వర్తిస్తుందేమోనని దక్షిణ కొరియా వైద్యులు పరీక్షించారు. నయమైన రోగుల్లో విటమిన్ డి తక్కువగా ఉన్నవారికి ఏడాదిపాటు విటమిన్ డి, కాల్షియం ఇచ్చారు. 2020లో న్యూరాలజీ పత్రికలో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం చికిత్స జట్టులో మనిషికి ఏడాదికి 0.83 సార్లు, ఇవేమీ ఇవ్వని రెండో జట్టులో 1.10 సార్లు జబ్బు తిరగబెట్టింది. కనుక అమ్మగారిని డిక్స్ హాల్‌పైక్ పరీక్ష చేసే చెవి ముక్కు గొంతు వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళి, కుడివైపు అని ముందే చెప్పండి, రక్తంలో విటమిన్ డి కూడా ఒకసారి చూడమని అడగండి.